‘ళ’ పలకని ఇంట్లో రెండు పలకలు

“రేపు చర్చిలో నువ్వు వాక్యం చదవొద్దమ్మా. కళ్ళు బాగోలేవని పాస్టర్‌గారికి మెసేజ్ పెట్టేస్తాను.”

“పెట్టు తల్లీ, పెట్టు. బుధవారం నీ కూతురు తీయగా మిగిలిన పరువు నువ్వు తీసెయ్.”

“చిన్నపిల్లమ్మా అది! దానికి ళ పలకదు.”

“పలకకపోతే నేర్పాలి. ఈతకి డ్రైవ్ చేసి తీసుకెళ్తావు, పియానోకి తీసుకెళ్తావు. ఒక్క అక్షరం నేర్పడానికి టైము లేదా?”

అమెరికాలో, నేపర్‌విల్‌లో మా అమ్మాయి వంటింట్లో శనివారం సాయంత్రం జరిగిన గొడవ ఇది. మా మధ్య బల్ల మీద రెండు పలకలున్నాయి. తగువంతా వాటివల్లే వచ్చింది.

పెద్ద అక్షరాల బైబిలు విమానంలో బరువని అమ్మాయి నన్ను తేనివ్వలేదు. చిన్న అక్షరాలు నా కంటికి ఆనవు. “అన్నీ ఇందులోనే ఉంటాయమ్మా” అని ఒక టాబ్లెట్ చేతిలో పెట్టింది. నేను నాలుగో తరగతి దాకా రాసిన పలక నల్లగా, తన మానాన తాను ఉండేది. ఇది అలా కాదు, మొహాన టార్చిలైటు వేసి నిలదీసినట్టుంటుంది. కొన్నాళ్ళు చదివేసరికి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారడం మొదలైంది.

అల్లుడుగారు వెంటనే ఇంకొకటి తెప్పించారు. ఈ ఇంట్లో ఒక వస్తువు పనికిరాకపోతే దాని పక్కన ఇంకో వస్తువు పెడతారు.

“ఇది కాగితంలా ఉంటుందత్తయ్యగారూ. కంటికి హాయి” అన్నారు.

నిజమే, హాయిగానే ఉంది. వెలుగు కంట్లో పొడవదు. కిటికీ దగ్గర కూర్చుంటే అచ్చు కాగితమే. కాకపోతే దానికి తెలుగు రాదు. అందులోకి పంపిన వాక్యంలో ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. ‘ప్రార్థన’ అన్న మాటను పళ్ళు లేని నోటితో నమిలినట్టు ముక్కముక్కలుగా చదవాలి. ఇంత చదువుకున్నవాళ్ళు కూడి చేసిన యంత్రానికి, ఒత్తు కిందికి వస్తుందని చెప్పేవాడే దొరకలేదు కాబోలు.

ఇక బుధవారం సంగతి. ప్రతి బుధవారం సాయంత్రం చర్చి సంఘంవాళ్ళంతా ఫోనులో కలిసి ప్రార్థన చేస్తారు. ఎవరికైనా అవసరతలుంటే చెప్పమన్నారు. మా మనవరాలు ఎగిరి ముందుకొచ్చింది.

“మా అమ్మమ్మకి కల్లు ప్రాబ్లం ఉంది అంకుల్. ఎవ్రీ డే కల్లు. ఫుల్ రెడ్ అయిపోయింది. ప్రేయర్ చేయండి.”

అమ్మాయి నవ్వాపుకోలేక ఫోను మ్యూట్ చేసేసింది. అవతల ఒక పెద్దాయన, సంఘానికి కొత్తగా వచ్చినవాడు, నన్ను ఎన్నడూ చూడనివాడు, గొంతు బరువు చేసుకుని, ఈ వయసులో ఈ తల్లికి పట్టిన అలవాటు నుంచి విడుదల దయచేయమని అందుకున్నాడు. చాలా బాగా ప్రార్థించాడు. “కళ్ళు బాబూ, కళ్ళు!” అని నేను మ్యూట్‌లో అరుస్తూనే ఉన్నాను. మా పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఆ కల్లుకుండ గడప తొక్కి ఎరగదు.

ఆదివారం వాక్యం చదివే వంతు నాది. వెలిగే పలక పట్టుకుంటే ఎర్రకళ్ళతో నిలబడాలి. కాగితం పలక పట్టుకుంటే నాలుక తడబడుతుంది. తాగినవాళ్ళకుండే గుర్తులు ఆ రెండే. అసలు చదవకపోతే, మొహం చెల్లక మానేసిందంటారు. అమ్మాయికి ఇదంతా విప్పి చెబితే అప్పటికి మెసేజ్ సంగతి వదిలేసింది.

“సరే, ఎలా చదువుతున్నావో నన్ను చూడనీ” అని నా వెనకే గదిలోకి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

“అమ్మా, చీకట్లో కూర్చుని చదువుతున్నావా?”

“దానికి దాని లైటు ఉందిగా. మళ్ళీ రెండో లైటు దేనికి, దండగ?”

“అందుకే మండుతున్నాయి నీ కళ్ళు! గదంతా చీకటిగా ఉండి అదొక్కటే వెలిగితే కంటికి శ్రమమ్మా. గదిలో లైటు వేసుకుని, దాని వెలుగు తగ్గించుకోవాలి.”

“అంటే దీపాన్ని చూడ్డానికి ఇంకో దీపం పెట్టాలన్నమాట. ఏం తెలివే మీది!”

మనవరాలు వచ్చి వెలుగు తగ్గించింది. అక్షరాలను గుమ్మడికాయలంత చేసింది. పేజీకి నాలుగు మాటలు కూడా పట్టడం లేదు. తర్వాత నా మొహంలోకి తొంగి చూసింది.

“అమ్మమ్మా, నువ్ బ్లింక్ చేయట్లేదు. ఊరికే స్టేర్ చేస్తున్నావ్. బ్లింక్ చెయ్యి.”

రెప్పలార్పడం కూడా ఈ దేశంలో ఒకరు నేర్పాలి.

“ముందు నువ్వు కళ్ళు అను” అన్నాను.

“కల్లు” అంది.

మర్నాడు పొద్దున చర్చి హాల్లో, పట్టపగలు, లైట్లన్నీ వెలుగుతున్నాయి. టాబ్లెట్ పట్టుకుని నిలబడ్డాను. ముందు వరసలో మనవరాలు కూర్చుని, నన్నే చూస్తూ రెప్పలు టపటపలాడించింది. దానితోపాటు నేనూ ఆర్పాను. ఒక్క ఒత్తు పోకుండా, ఎక్కడా తడబడకుండా చదివాను. కళ్ళు మండలేదు. చివరి పేజీలో ఎడమ కన్ను ఒక్కసారి కారితే చెంగుతో తుడుచుకున్నాను.

బయటికి వస్తుంటే ఆ కొత్త పెద్దాయన ఎదురొచ్చాడు.

“వందనాలమ్మా. మీ కన్నీళ్ళు చూశాను. ప్రభువు మిమ్మల్ని విడిపించాడు.”

“కళ్ళు బాబూ” అన్నాను, ళకి ళ ఒత్తు నొక్కి.

“అవునమ్మా, కళ్ళలోనే కనిపించింది” అన్నాడు.

అమ్మాయి కారు స్టార్ట్ చేసి హారన్ కొట్టింది. నేను వెళ్ళి కారెక్కాను.