చదరపు బ్రాకెట్లలో ఏముంది?

ఆ రోజుల్లో మా కోలారు బంగారు గనుల ఊళ్లో ఒక మనిషిని నమ్మాలంటే ముందు అతని జేబులు తడిమి చూడాలి. గనులు మూతపడ్డాయి గానీ ఆ అలవాటు మూతపడలేదు. మా ఊళ్లోనే కోరమండల్ అనే పేటలో నాకు మొదటి ఉద్యోగమిచ్చిన కంప్యూటర్ సెంటర్ యజమాని ఒకప్పుడు గని గేటు దగ్గర షిఫ్టు దిగి వచ్చేవాళ్లను సోదా చేసిన వాచ్‌మన్. ఊరంతా ఆయన్ను సోదా మామ అనేవాళ్లు. బంగారమన్నదే లేని సెంటర్లో కూడా సాయంత్రం నా జేబులు తడిమి, టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నె దాకా తెరిపించేవాడు. (మిగిలిన రాగిముద్ద తప్ప ఆయనకు ఏనాడూ ఏమీ దొరకలేదు.)

నన్ను పనిలో ఖాయం చేయడానికి ఒక షరతు పెట్టాడు. నేను రాని రోజు ఎవరైనా చూసి కొట్టగలిగేలా సర్వర్ కమాండ్లన్నీ కాగితం మీద రాసివ్వాలి. లావు అక్షరాలను ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి, వాలు అక్షరాల చోట మనకు కావలసిన పేరు వేసుకోవాలి, చదరపు బ్రాకెట్లలోది అవసరమైతేనే కలపాలి అని మొదటి పేజీలోనే వివరించి ముచ్చటగా రాశాను. మామ కళ్లద్దాలు పెట్టుకుని చదువుతూ బ్రాకెట్ల దగ్గర వేలు ఆపాడు.

"ఇదేందప్పా, లోపల ఏందో పెట్టి రెండు పక్కలా మూసినావు?"

"అది వేసినా సరే, వేయకపోయినా సరే మామా."

"అక్కర్లేనిదాన్ని ఎవురన్నా రాస్తారా? గేట్లో ఎంతమందిని చూసినాను! మూసినకాడ ఏదో ఒకటి ఉండాది."

పీయూసీ, అంటే ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు సెంటర్ కిటకిటలాడింది. నేను టీకి వెళ్లగానే మామ నా కాగితం పట్టుకుని సర్వర్ గదిలో దూరాడు. ఆయనకు అన్నిటికంటే అనుమానం కలిగించింది సర్వర్ ఆపే కమాండ్. మామూలుగా కొడితే అందరి పనీ ముగిసేదాకా ఆగి అప్పుడు సర్వర్‌ను ఆపుతుంది, బ్రాకెట్లలోది కలిపితే ఆ క్షణమే ఆపేస్తుంది. ఆ సంగతి పక్కనే రాసి ఉంది. నేను ఇంత విడమరిచి రాశానంటే అసలు సంగతి వేరే ఉంటుందని మామ బ్రాకెట్లు తీసేసి లోపలిది కూడా కలిపి కొట్టాడు.

నేను వచ్చేసరికి తెరలన్నీ నల్లగా ఉన్నాయి. "మావాని మార్కులు యాడికి పోయినాయప్పా?" అని బేతమంగళ నుంచి బస్సులో వచ్చిన ఒక తండ్రి అరుస్తున్నాడు. మామ తలుపుకు అడ్డంగా నిలబడి, "ఎవురూ కదలకూడదు! ఒక్కొక్కరే రాండి!" అంటూ ఆ పెద్దమనిషి పంచె మడతలు తడుముతున్నాడు. నా ఉద్యోగం ఆ క్షణమే పోయిందనుకుని నాకు ఏడుపొచ్చింది.

సర్వర్ మళ్లీ లేచింది, మార్కులూ వచ్చాయి. మామ కాగితం మళ్లీ చదివి డీలా పడ్డాడు. "నువ్వు రాసిందే జరిగిందే! లోపల ఇంగేమీ దాయలేదా?"

"లేదు మామా."

సాయంత్రం అలవాటుగా చేతులు పైకెత్తి నిలబడ్డాను. "దించప్పా. నిన్ను ఇంగ తడిమి చూసేది లేదు," అన్నాడు. నా ఉద్యోగం ఖాయమైంది అలాగే.

ఇప్పుడు బెంగళూరులో అలాంటి కాగితాలు రాయడమే నా బతుకు. ఇంటికి పోయేటప్పుడు గేటు దగ్గర ఒక్కోసారి నా చేతులు వాటంతటవే పైకి లేస్తాయి. సెక్యూరిటీ కుర్రాడు నవ్వి, మెడలో కార్డు చూసి పొమ్మంటాడు. నా అడుగు గిన్నెలో ఏముందో ఇప్పుడు ఎవరికీ పట్టదు.