క్రేను దిగిన అక్క

ఆమె అసలు పేరు ఆ ఫ్యాక్టరీలో హాజరు పట్టీ రాసేవాడికి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. గేటు దగ్గర కాపలావాడి నుంచి మేనేజరు దాకా అందరికీ ఆమె క్రేనక్కే. ఆమె కంటే వయసులో పెద్దవాళ్ళైన లారీ డ్రైవర్లు కూడా కింద నిలబడి తలెత్తి, "క్రేనక్కా, మా బండి కాస్త తొందరగా చూడవా" అని బతిమాలేవారు. ఆమెకు బుద్ధి పుడితే చూసేది, లేకపోతే లేదు.

తండ్రి అదే ఫ్యాక్టరీలో జింకు తొట్టి దగ్గర పనిచేసేవాడు. ఇనుప రేకు ఆ తొట్టిలో మరుగుతున్న జింకులో మునిగి, పూత పట్టించుకుని పైకి లేచి, చల్లారి, అవతల చుట్టగా చుట్టుకుంటుంది. తొట్టిలో పైకి తేలే తెట్టును పొడవాటి గరిటెతో తీసిపారేయడం ఆయన పని. ఆ సెగకీ పొగకీ ఊపిరితిత్తులు దెబ్బతిని, దగ్గీ దగ్గీ పోయాడు. తల్లి అంతకు ముందే పోయింది. ఇంట్లో మిగిలింది పెళ్ళీడుకొచ్చిన ఈమె, ఇంకా నిక్కర్లు వదలని తమ్ముడు. కంపెనీ వాళ్ళు దయ తలిచి ఆమెకు షెడ్డు ఊడ్చే పని ఇచ్చారు.

షెడ్డు కప్పుకు అంటుకున్నట్టు ఉండే క్రేను గదిలో ఎండాకాలం మనిషి మాడిపోతాడు. కింద నుంచి ఆవిరి, పై నుంచి ఎండ. వచ్చిన ఆపరేటరల్లా నాలుగు నెలలు చేసి పారిపోతుంటే విసిగిపోయిన ఫోర్‌మన్, ఒకరోజు చీపురు పట్టుకున్న ఆమెను చూసి వేళాకోళంగా, నువ్వెక్కుతావా అన్నాడు. ఆమె చీపురు గోడకు ఆనించి నిచ్చెన ఎక్కింది. అంతే, ఆమె యవ్వనమంతా ఆ గాజు గదిలోనే గడిచిపోయింది.

ఒక్కో చుట్ట ఏనుగంత బరువు. కొక్కేన్ని దాని కంతలోకి దూర్చి, పైకి లేపి, ఊగకుండా నడిపించి, అంచు నొక్కుకుపోకుండా దించాలి. అంచు సొట్టపడితే ఆ రేకు ఇంటి కప్పుకూ పనికిరాదు, కూలరు డబ్బాకూ పనికిరాదు. క్రేనక్క దించితే కింద కోడిగుడ్డు పెట్టినా చితకదని డ్రైవర్లు చెప్పుకునేవారు. కొత్త రేకు మీద జింకు గడ్డకట్టినప్పుడు పూలు పూసినట్టు మచ్చలు తేలతాయి. పొద్దున పూట తలుపులోంచి పడే వెలుగులో వరసగా పేర్చిన చుట్టలు మెరుస్తుంటే పై నుంచి చూడటం ఆమెకు ఇష్టం. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు. ఆమె నోట్లోంచి అలాంటి మాటలు రావు.

నిజానికి ఆమె నోటికి హద్దూ పద్దూ లేదు. తమ్ముణ్ణి కళ్ళలో పెట్టుకుని పెంచింది, ఆ సంగతి వాణ్ణి ఒక్కపూట కూడా మర్చిపోనివ్వలేదు. వాడు చొక్కా వేసుకుంటే, అది తను పైన మాడి కొన్నదని గుర్తుచేసేది. పరీక్ష పాసైతే, నువ్వు కాదురా పాసైంది నేను అనేది. ఒక లారీ డ్రైవరు, నెమ్మదైన మనిషి, ఆమెను చేసుకుంటానని అడిగాడు. తమ్ముడి చదువు అయ్యేదాకా ఆగమంది. అతను కొన్నాళ్ళు ఆగి, ఇంకెవరినో చేసుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లో గిన్నె జారిపడినా సరే, గొడవ తిరిగి తిరిగి ఆ డ్రైవరు దగ్గరికే వచ్చేది. "నీ మూలానే నేనిలా మిగిలిపోయాను" అనేది. వాడు కంచంలోంచి తల ఎత్తకుండా తినేవాడు.

తమ్ముడు డిప్లొమా చదివాక ఆమే మేనేజరు కాళ్ళావేళ్ళా పడి అదే ఫ్యాక్టరీలో పెట్టించింది. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని వాడు షెడ్డులోకి వస్తే, ఆమె గాజు తలుపు తీసి షెడ్డు దద్దరిల్లేలా, "ఒరేయ్, క్యారేజీ ఇంట్లోనే మర్చిపోయావురా" అని అరిచేది. అందరూ నవ్వేవారు. వాడూ నవ్వేవాడు, చెవులు మాత్రం ఎర్రబడేవి. వాడి పెళ్ళిచూపుల్లోనూ అంతే. పిల్ల తల్లిదండ్రుల ముందు కూర్చుని, వీడి ఒంట్లో ప్రతి ముద్దా నా చెమటేనండీ అంది. పెళ్ళయిన ఏడాదే వాడు రెండు వీధుల అవతల వేరే ఇల్లు తీసుకున్నాడు. మరదలే తన తమ్ముణ్ణి ఎగరేసుకుపోయిందని ఆమె వీధి వీధంతా చెప్పుకుంది.

వాడు షిఫ్టు ఇన్‌చార్జి అయ్యాక రిమోట్లు వచ్చాయి. ఇక క్రేను గది అక్కర్లేదు. నడుముకు ఒక డబ్బా కట్టుకుని కింద నుంచే క్రేను నడపొచ్చు. ఆపరేటర్లలో సగం మంది చాలు. ఎవరు ఉండాలో ఎవరు మారాలో చెప్పమని మేనేజరు వాడినే అడిగాడు. ఉండాలని వాడు చెప్పిన వాళ్ళలో అక్క లేదు.

ఆ కబురు వాడే స్వయంగా తెచ్చాడు. అందుకు మెచ్చుకోవాలి. ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, రిమోట్ పట్టుకున్నవాడు రోజంతా చుట్ట వెంట నడవాలని, నిచ్చెన ఎక్కీ దిగీ ఆమె మోకాళ్ళు ఎప్పుడో పోయాయని చెప్పాడు. ప్యాకింగులో అయితే ఒకచోట నిలబడి చేసుకోవచ్చన్నాడు. అబద్ధం కాదు. మెట్లెక్కేటప్పుడు ఆమె మోకాళ్ళు చేసే చప్పుడు వాడికి తెలుసు.

"నా మోకాళ్ళ మీద నీకింత ప్రేమ ఎప్పట్నుంచిరా?" అంది ఆమె.

వాడు "పై నుంచి నువ్వు అరుస్తుంటే నాకు షెడ్డులో తలెత్తుకోవాలనిపించదక్కా" అన్నాడు.

ఇద్దరి మధ్యా అంత నిజం ఎన్నడూ మాటల్లోకి రాలేదు. ఆమె తలుపు వేసేసింది.

ప్యాకింగులో చుట్టకు కాగితం చుట్టాలి, ఇనుప పట్టీలు బిగించాలి, కింద అటూ ఇటూ ఆపుచెక్కలు పెట్టాలి. చెక్కలు పెట్టకుండా కొక్కెం తీయకూడదు. గుండ్రటిది, నేల కాస్త వాలుగా ఉన్నా దొర్లిపోతుంది. పని ఆమెకు కష్టం కాలేదు. కష్టమంతా తలెత్తి చూడటంలోనే. పైన గాజు గది ఖాళీగా, దుమ్ము పట్టి కనిపించేది. ఆమె స్థానంలో రిమోట్ కట్టుకున్నవాడు సన్నగా, భయస్తుడిలా ఉండేవాడు. వాడు చుట్ట ఊపిన ప్రతిసారీ ఆమె నోరు లేచేది. క్యాంటీన్‌లో కూర్చుని తమ్ముణ్ణి దుమ్మెత్తిపోసేది. ఒక మధ్యాహ్నం అందరూ వింటుండగా, "ఆ డబ్బాతో ఒకరోజు ఎవరిదో కాలు పోతుంది, అప్పుడు గానీ మావాడి పొగరు దిగదు" అంది. పక్కనున్నవాళ్ళు నవ్వి, ఇంకో టీ తెచ్చుకున్నారు.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం, తడవకముందే బయలుదేరాలని లారీలు బారులు తీరాయి. జింకు పూత ఎంత గట్టిదైనా, చుట్ట పొరల మధ్య నీళ్ళు చేరితే తెల్లటి బూజులాంటి తుప్పు పడుతుంది. అందుకని తమ్ముడు అందరినీ తరుముతున్నాడు. రిమోట్‌వాడు ఒక చుట్టను నేల మీదకు దించాడు. క్రేనక్క రెండు చేతుల్లో రెండు ఆపుచెక్కలతో వంగబోయింది.

"అవి తర్వాత పెట్టొచ్చులే, ముందు కొక్కెం తియ్యి, బండి ఆగింది" అని తమ్ముడు కేకేసి, వెనక్కి తిరిగి డ్రైవరుతో మాటల్లో పడ్డాడు.

రిమోట్‌వాడు బటన్ నొక్కాడు. బయటికి వస్తున్న కొక్కెం చుట్టకు తగిలింది. చుట్ట కదిలింది. మొదట సందేహిస్తున్నట్టు కొంచెం, తర్వాత వాలు దొరికి నేరుగా తమ్ముడి వీపు వైపు. ఆమెకు ఇన్‌చార్జి గుర్తురాలేదు, గాజు గది గుర్తురాలేదు. "ఒరేయ్ బుజ్జీ, దూకరా" అని అరిచింది. ఆ గొంతు విని దూకడం వాడికి చిన్నప్పటి అలవాటు. వెనక్కి తిరిగి చూడకుండా పక్కకు దూకాడు. అడ్డు తప్పుకోవడానికి పరుగెత్తబోయిన రిమోట్‌వాడు కాలు జారి పడ్డాడు. చుట్ట వాడి పాదం మీదుగా పోయి స్తంభానికి కొట్టుకుని ఆగింది.

విచారణ మేనేజరు గదిలో జరిగింది. ఆపుచెక్కలు పెట్టడం ఎవరి పని అని అడిగారు. ప్యాకింగు వాళ్ళది. ఆ చుట్ట దగ్గర ప్యాకింగు వాళ్ళెవరు? క్రేనక్క. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. కేకల్లేవు, శాపనార్థాల్లేవు. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడటం అక్కడెవరూ అంతకు ముందు వినలేదు. మేనేజరు తమ్ముడి వైపు తిరిగాడు.

తమ్ముడు బల్ల మీదున్న నీళ్ళగ్లాసునే చూస్తూ, "చెక్కలు తర్వాత పెట్టమని నేను అన్నట్టు గుర్తు లేదు సార్" అన్నాడు.

డ్రైవరు ఎప్పుడో సరుకుతో వెళ్ళిపోయాడు. రిమోట్‌వాడు ఆసుపత్రి మంచం మీద నుంచి, తన చూపంతా బటన్ల మీదే ఉందని, ఏ మాటా వినలేదని చెప్పి పంపాడు. పాదం పోయినవాడికి కూర్చునే పని ఏదైనా ఇవ్వాలంటే ఇన్‌చార్జి సంతకం కావాలి. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఇక మిగిలింది క్యాంటీన్‌లో విన్నవాళ్ళు. ఎవరినో పిలిచి అడిగితే, అతను ఇబ్బందిగా కదులుతూనే, ఎవరిదో కాలు పోతుందని క్రేనక్క ముందే అందని, తమ్ముడంటే ఆమెకు గిట్టదని చెప్పాడు. అబద్ధం కాదు, అన్నమాటే.

మేనేజరు ఆమె వైపు జాలిగా చూశాడు. "ఇంట్లో తగాదాలు ఇంట్లోనే ఉంచుకోవాలమ్మా" అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. ఏం చెప్పినా ఆ పాత మాటల్లోనే కలిసిపోతుందని అప్పుడు తెలిసొచ్చింది. అక్కసుతో ఇన్నేళ్ళు అన్నవన్నీ అందరూ నమ్మారు. కావాల్సిన ఒక్క మాటను మాత్రం అక్కసు కింద జమకట్టారు. ఆమె ముందు పెట్టిన కాగితం మీద సంతకం చేసింది. అనారోగ్యం వల్ల తనంతట తానే మానేస్తున్నట్టు రాయించుకుని పంపించారు. మర్యాదగా సాగనంపే పద్ధతి అది.

ఫ్యాక్టరీలో బుజ్జి అనే పిలుపు మాత్రం కొన్నాళ్ళు మిగిలింది. తమ్ముడు అటు తిరగగానే ఎవరో ఒకరు గొంతు మార్చి, బుజ్జీ దూకరా అనేవారు. తన ప్రాణం కాపాడిన మాట వినపడితే వాడికి ఒళ్ళు మండిపోయేది.

ఆమె కొన్ని నెలలు ఇంట్లోనే కూర్చుంది. తర్వాత పాత డ్రైవరొకడు ఊరి చివర రేకుల కొట్టులో పని చెప్పించాడు. ఇళ్ళ మీద, పాకల మీద వేసుకునే జింకు రేకులు అమ్మే కొట్టు అది. స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళకు మందం, పొడవు చెప్పి, కుర్రాళ్ళ చేత ఎత్తించడం ఆమె పని. కొట్టు యజమానికి ఆమె గతం తెలియదు, నెమ్మదస్తురాలని మాత్రం అందరికీ చెప్పేవాడు. ఆ మాట ఫ్యాక్టరీలో ఎవరైనా విని ఉంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

ఒకరోజు తమ్ముడు, మరదలు కలిసి ఆ కొట్టుకు వచ్చారు. ఆమె అక్కడుందని తెలిసే వచ్చారు. ఇంటి ముందు బండి పెట్టుకోవడానికి చిన్న పందిరిలా వేయించుకోవాలట. మరదలి కళ్ళు అప్పటికే తడిగా ఉన్నాయి.

"ఏ మందం చూపించమంటారండీ?" అంది క్రేనక్క.

వాడు మొహం మీద కొట్టినట్టు ఆగిపోయాడు. "నన్ను పట్టుకుని అండీ అంటావేంటక్కా? తిట్టు. నాలుగు తిట్టు, పడతాను."

"కొట్టుకు వచ్చినవాళ్ళందరినీ అలాగే అంటామండీ."

వాడు స్టూలు దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "ఆ రోజు నిజం చెప్పుంటే నా ఉద్యోగం పోయేది" అన్నాడు.

"పోయేదండీ" అంది ఆమె. "పొడవెంత కావాలి?"

వాడు చెప్పాడు. ఆమె మంచి రేకులే ఏరి తీయించింది. గీతలు పడ్డవాటిని పక్కన పెట్టించింది. బిగించేదాకా ఒకదాని మీద ఒకటి పేర్చి తడవనివ్వొద్దని, పొరల మధ్య నీళ్ళు చేరితే తెల్ల తుప్పు పడుతుందని, ఎవరికైనా చెప్పేట్టే చెప్పింది. మరదలు ఆమె చెయ్యి పట్టుకోబోతే, రేకుల నూనె అంటుతుందమ్మా అని వెనక్కి తీసుకుంది. రేకులెక్కించిన ఆటో కదిలేదాకా వాడు తిరిగి తిరిగి చూశాడు. ఆమె అప్పటికే ఇంకొకరికి రేకు మందం చూపిస్తోంది. ఎవరు వాళ్ళు, నీకు తెలిసినవాళ్ళలా ఉన్నారు అని యజమాని అడిగితే, నేను పనిచేసిన చోట ఆఫీసరుగారు అంది.

ఆ తర్వాత వాడు రెండుసార్లు మనుషుల్ని పంపాడు, ఒకసారి తనే ఇంటికొచ్చాడు. ఆమె మంచినీళ్ళిచ్చింది, కుర్చీ వేసింది, మీరు అంటూనే మాట్లాడింది. వాడిక రావడం మానేశాడు. కొన్నాళ్ళకు ఆ వీధిలో ఉండేవాళ్ళెవరో కొట్టుకు వచ్చి, మీ తమ్ముడి ఇంటి ముందు రేకులు గాలి వస్తే చాలు, వీధంతా వినపడేలా కొట్టుకుంటున్నాయని చెప్పారు. మేకులు సరిగ్గా బిగించి ఉండరు అని, ఆమె బేరం చూసుకుంది.