దుప్పటి కప్పిన బీరువా

ఇది మహాకావ్యం కావలసిన కథ. తీరా రాయబోతే ఒక మధ్యాహ్నం, ఒక ఇల్లు మాత్రమే మిగిలాయి.

నిరుడు ఎం.ఏ. ప్రాజెక్టు కోసం పేదల లెక్కలు వెతికాను. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న రెండు పుస్తకాల్లో పేదల సంఖ్య రెండు రకాలుగా ఉంది. "నమ్మదగ్గ లెక్క కావాలంటే నువ్వే వెళ్లి అడుగు" అన్నారు మా సార్, ఫ్యాన్ కింద కూర్చుని.

ఫారాలు పట్టుకుని నాంపల్లిలో ఒక బస్తీకి వెళ్లాను. ఇళ్లల్లో పనిచేసే ఒకావిడ నా మెడలోని కాలేజీ కార్డు చూసి సర్కారు మనిషిననుకుంది.

"నెలకెంత వస్తుంది అక్కా?"

"ఏమొస్తది తమ్మీ, ఇంట్ల ఏం లేదు. జర చూసి రాయి."

"ఆ మూల దుప్పటి కింద?"

"బట్టల బీరువా."

నా చెమట ఫారం మీద పడింది. "అయ్యో, ఎండల పడి వచ్చినవ్" అంటూ ఆమె దుప్పటి ఎత్తి, బీరువా తెరిచి, చల్లటి నీళ్ల సీసా తీసింది. అలాగే నిలబడిపోయింది. బీరువాలో లైటు వెలుగుతోంది.

"పాతది తమ్మీ, పనిచేసే ఇంటోళ్లు ఇచ్చిన్రు. రాస్తే మా రేషన్ కార్డు పోతది."

"నేను సర్కారోణ్ణి కాదక్కా, స్టూడెంట్‌ని."

"అందరు గట్లనే అంటరు."

ఒక ఇంటి బియ్యం ఆపేంత పెద్దవాణ్ణి ఎప్పుడయ్యానో నాకే తెలియలేదు. నీళ్లు తాగాను. బాగున్నాయి. నమ్మదగ్గ అంకె కావాలంటే ముందు అడిగేవాణ్ణి నమ్మగలగాలని అప్పుడు అర్థమైంది.

తర్వాత ఫారం అటూ ఇటూ తిప్పి చూశాను. ఫ్రిజ్ గురించి అందులో ప్రశ్నే లేదు.