కేబుల్ ఎక్కని ఫోను

2023 ఎండాకాలం. వికారాబాద్‌లో ఒక మందుల షాపు పైన మా ఆఫీసు. ఆరుగురం, రెండు కూలర్లు. మొబైల్ యాప్‌లలో తప్పులు వెతికి సరిచేయడం నా పని, దాన్నే డీబగ్గింగ్ అంటారు. ఫోనును కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపితే యాప్ లోపల ఎప్పుడు ఏం జరిగిందో వరుసగా తెర మీద కనిపిస్తుంది. ఆ వరుస పేరు లాగ్. మనుషులు ఏమైనా చెబుతారు, లాగ్ అబద్ధమాడదు అని కొత్తగా చేరినవాళ్లకు నేనే పెద్ద తెలిసినదానిలా చెప్పేదాన్ని.

ఆ ఏడాది తాండూరులో ఒక బండల పాలిషింగ్ యూనిట్‌కు హాజరు యాప్ చేసిచ్చాం. పనివాళ్ల ఫోను గంటకోసారి తానెక్కడుందో కబురు పంపుతుంది. కబురు రాకపోతే మనిషి పని వదిలి బయటికి పోయినట్టే. నెలలో మూడుసార్లు అలా జరిగితే పనిలోంచి తీసేస్తారు. నియమం వాళ్లది, యాప్ మాది.

అక్కడ పదకొండేళ్లుగా పనిచేస్తున్న మొగులమ్మకు రెండుసార్లు కబురు తప్పింది. తాను ఎక్కడికీ పోలేదని ఆమె గొడవపెట్టుకుంటే, అక్కడి సూపర్‌వైజరు సంగతేమిటో చూడమని నాకు చెప్పాడు. ఆమెకు ఫోన్ చేశాను.

"నేను యాడికీ పోలే మేడం, మిషన్ కాడనే ఉన్న. సెల్లు చార్జింగ్‌ల ఉంటే హాజరు మంచిగనే పడ్తది. తీసి సంచిల ఏస్తే పడ్తలేదు. జర చూడుండ్రి. మిషన్ మీద ఆడమనిషిని నేనొక్కదాన్నే. గిది పోతే మళ్ల బండలు మోసుడే నాకు."

"చూస్తానమ్మా" అన్నాను. కాగితం మీద మాత్రం 'ఫోను వాడటం సరిగా రాదు' అని రాసుకున్నాను. అలాంటి ఫోనే మా బీరువాలో ఒకటుంటే తీసి, కేబుల్ తగిలించి, రోజంతా బల్ల మీద ఉంచాను. ఒక్క గంట కూడా తప్పలేదు. 'యాప్‌లో లోపం లేదు' అని రిపోర్టు పంపాను. ఆ వారంలోనే ఆమెకు మూడోసారి కబురు తప్పింది. నా రిపోర్టు చూపించి ఆమెను తీసేశారు.

పది రోజులకు ఆమె తాండూరు నుంచి రైలెక్కి మా ఆఫీసుకే వచ్చింది. ఏడుపూ లేదు, బతిమాలడమూ లేదు. ఫోను నా ముందు పెట్టింది.

"నీ కండ్లతోని నువ్వే చూడు బిడ్డా."

కేబుల్ పెట్టాను. ల్యాప్‌టాప్ ఆ ఫోనును గుర్తుపట్టలేదు. చార్జింగ్ రంధ్రం నిండా రాతిపొడి గట్టిపడి ఉంది. గీకినా లాభం లేకపోయింది.

"మరి చార్జింగ్ ఎలా పెడుతున్నారమ్మా?"

"జర వంచి పట్టుకుంటే ఎక్కుతది."

కరెంటు ఎక్కుతోంది, లాగ్ మాత్రం రాదు. ఇక వైర్‌లెస్ డీబగ్గింగ్ ఒక్కటే దారి. ఫోనునూ ల్యాప్‌టాప్‌నూ ఒకే వైఫైలో పెట్టి, ఫోను చూపించే ఆరంకెల కోడ్ కొడితే తీగ లేకుండానే లాగ్ వస్తుంది. మాటిమాటికీ తెగిపోతుందని నేను దాని జోలికి పోయేదాన్ని కాదు.

అలాగే కలిపి, ఫోనును చార్జింగ్ లేకుండా బల్ల మీద వదిలేశాను. కాసేపటికి దాని తెర ఆరిపోయింది. టీ తాగుతూ కూర్చున్నాం. బండలో పగులుంటే కంటికి కనపడకముందే మిషన్ చప్పుడు మారుతుందని, అది చెవికి తెలిసిపోతుందని ఆమె చెప్పింది. ముప్పావుగంట దాటాక లాగ్‌లో ఒక లైను పడింది. బ్యాటరీ ఆదా చేయడానికి ఫోను మా యాప్‌ను ఆపేసింది. గంట నిండినా కబురు పోలేదు. చార్జింగ్‌లో ఉన్న ఫోనుకు ఆదా చేసే అవసరం ఉండదు. నేను పరీక్షించిన ఫోను రోజంతా కేబుల్‌కే ఉంది, అంటే చార్జింగ్‌లోనే ఉంది. తప్పును దాచిపెట్టింది నా కేబులే.

"దొరికిందమ్మా. చార్జింగ్ తీస్తే యాప్ ఆగిపోతోంది" అన్నాను.

"గదే గదా బిడ్డా నేను మొదట్నే చెప్పింది."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మా బాసు మాత్రం తాపీగా విన్నాడు. "సరిచేసి అప్‌డేట్ పంపు. మన తప్పని ఎక్కడా రాయకు. కాంట్రాక్టు పోతది." అప్‌డేట్ పంపాను. అందులో 'పనితీరు మెరుగుపరిచాం' అని రాశాను. మనసాగక సూపర్‌వైజరుకు ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పాను.

"ఆ మిషన్ మీద వేరేటాయన్ను పెట్టినం మేడం. అయినా తప్పు మీ యాప్‌దేనని మీరు రాసిస్తే సారుతోని మాట్లాడ్త. రాసిస్తరా?"

నేను రాసివ్వలేదు. నా ఉద్యోగానికి భయపడ్డాను. ఇంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

ఆ చలికాలం వేరే పని మీద తాండూరు వెళ్లినప్పుడు, ఒక యూనిట్ బయట లారీకి బండలు ఎక్కిస్తూ మొగులమ్మ కనిపించింది. నన్ను చూసింది. పలకరించలేదు, పని ఆపలేదు.

ఇప్పుడు నేను ఏ యాప్‌నైనా కేబుల్ తీసేసి, జేబులో వేసుకుని తిరిగి పరీక్షిస్తాను. ఫిర్యాదు చేసిన మనిషి మాటను ఉన్నదున్నట్టు రాసుకుంటాను. ఆఫీసులో దీన్ని నా చాదస్తం అంటారు. మొగులమ్మ దగ్గర నేర్చుకున్నానని నేనెవరికీ చెప్పలేదు. తాండూరు యాప్‌లో ఇప్పుడు ఒక్క గంట కూడా తప్పిపోదు. అందులో ఆమె పేరు లేదు.