పైడమ్మ పిన్ని లెక్కలో మొదటి స్థానం

వాన వెలిసిన మైదాన్‌లో తడి గడ్డి వాసనకు ఝాల్‌మూరి అనే కారపు మరమరాల బండి దగ్గరి ఆవనూనె ఘాటు తోడైతే చాలు, నాకు పైడమ్మ పిన్ని గుర్తొస్తుంది. పోయిన వారం ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్ గురించి రాయడానికి వెళ్లి విలేకరుల బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఇద్దరు కుర్రవాళ్లు ఎప్పటి గొడవే పడుతున్నారు. అందరిలోకీ మేటి ఎవరు, అన్నిటిలోకీ గొప్ప గోల్ ఏది అని. ఎన్ని కప్పులు, ఎన్ని గోల్స్ అంటూ ఫోన్లలో లెక్కలు తీసి ఒకరి నోరు ఒకరు మూయిస్తున్నారు. ఇంతలో ఆ వాసన గాలిలో తేలి వచ్చింది. ఇక వాళ్ల మాటలు నా చెవిన పడలేదు.

పిన్ని మాకు చుట్టం కాదు. బెంగాల్‌లో ఖిదిర్‌పూర్ డాక్ కార్మికుల క్వార్టర్లలో మా పక్క గది వాళ్లది. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు ఊరి నుంచి పెళ్లయి వచ్చింది. సూర్యనారాయణ బాబాయి ఓడల్లోంచి సరుకు దించే పని చేసేవాడు. ఆమె కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చేది. మధ్యాహ్నానికి పని ముగించుకుని, స్నానం చేసి, నున్నగా తల దువ్వుకుని, మరమరాల పొట్లం కొంగున కట్టుకుని ఆట చూడటానికి బయలుదేరేది. తోడు నన్ను తీసుకెళ్లేది. "ఆడపిల్లకి బంతాటేటి పైడమ్మా?" అని మా అమ్మ గొణిగితే, "ఆడమన్లేదు కదా, సూడమన్నాను. కళ్లకి ఆడా మగా ఏటి?" అనేది.

ఒక వానాకాలం డాక్ మైదానంలో అమ్మాయిల పోటీ జరిగింది. మా వీధి జట్టులో షేఫాలి అనే అమ్మాయి ఉండేది. బజారులో దర్జీ దుకాణంలో కాజాలు కుట్టేది. ఫైనల్ మధ్యలో మాకు పెనాల్టీ దొరికింది. షేఫాలి తన్నిన బంతి గోలు మీదుగా ఎగిరి మురికి కాలవలో పడింది. గట్టు మీది మగవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. వెళ్లి చేపలు తోముకోమన్నారు. ఆట ముగిసే ముందు మాకు ఇంకో పెనాల్టీ వచ్చింది. కెప్టెన్ చుట్టూ చూస్తే ఒక్కొక్కరూ తల దించుకున్నారు. అప్పుడు షేఫాలి దూరం నుంచి నడుచుకుంటూ వచ్చి, బంతి తీసుకుని, గౌనుకు తుడిచి, చుక్క మీద పెట్టింది. నవ్వు మళ్లీ మొదలైంది. ఆమె తల కూడా తిప్పలేదు. ఈసారి బంతి స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. మేము ఓడిపోయాం. నాకు ఏడుపొచ్చింది. పిన్ని మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. అంతమందిలో చప్పట్లు కొట్టింది ఆమె ఒక్కతే.

మరుసటి ఏడాది ప్రపంచ కప్పు వచ్చింది. ఆసారి మ్యాచ్‌లు మనకు పగలూ సాయంత్రమూ ఉండేవి. మా వీధి క్లబ్బులో టీవీ పెట్టారు. గోడకు నల్లబల్ల తగిలించి, లోకంలోని మేటి ఆటగాళ్లు పదిమంది ఎవరని రోజూ వాదించుకుని, పేర్లు రాస్తూ చెరుపుతూ ఉండేవారు. ఆడవాళ్లెవరూ ఆ గడప తొక్కేవారు కాదు. ఒకరోజు పిన్ని ఇంట్లోంచి పీట చంకన పెట్టుకుని, నన్ను వెంటేసుకుని లోపలికి వెళ్లి ముందు వరసలో కూర్చుంది.

క్లబ్బు కార్యదర్శి తపన్ దా కంగారుపడి, బెంగాలీలో పిన్నీ అన్నట్టు మాశీ అని పిలిచాడు. "మాశీ, ఇది మగవాళ్లు కూర్చునే చోటు."

"మీరు గోలని అరిస్తే మా ఇంట్లో గిన్నెలు అదుర్తన్నాయి దాదా. అదురు నాకూ, ఆట మీకూనా?" అంది పిన్ని. తర్వాత నావైపు తిరిగింది. "అమ్మీ, ఆ బల్ల మీద ఒకటో నంబర్లో షేఫాలి పేరు రాయి."

నేను బెంగాలీలో రాశాను. గదంతా గొల్లున నవ్వింది. "రెండు పెనాల్టీలు పోగొట్టిన పిల్ల ప్రపంచానికి మొదటిదా?" అన్నాడు తపన్ దా.

"మొదటిది పోయినాక రెండోదానికి ఎల్లింది. అందరూ నవ్వుతుండగా ఎల్లింది. మీ పదిమందిలో అలాగెల్లినోడు ఉంటే సూపించు, నాను చెరిపీస్తాను."

తపన్ దా తానే లేచి గుడ్డతో తుడిచేశాడు. మర్నాడు పిన్ని మళ్లీ పీటతో వచ్చింది. మళ్లీ రాయించింది. వాళ్లు మళ్లీ తుడిచారు. ఆ నెలంతా అదే తంతు. డాక్‌లో బాబాయిని ఏడిపించారు. ఆయన ఇంటికొచ్చి చిందులు తొక్కాడు. "నా పరువేటైపోవాల?" అన్న కేక గోడ అవతల మాకు వినిపించింది. "నీ పరువు ఆ క్లబ్బులో నా పీట కింద ఉందేటి? ఉంటే ఎల్లి తెచ్చుకో," అన్న జవాబు కూడా వినిపించింది. ఆయన రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె వంట ఆపలేదు, ఆట ఆపలేదు.

ఫైనల్ రోజు తపన్ దా మెత్తబడ్డాడు. "సరే మాశీ, గొడవెందుకు? పదో స్థానం ఇస్తాం," అని తానే సుద్దముక్క తీసుకుని అట్టడుగున షేఫాలి పేరు రాశాడు. నాకు సంతోషంతో కాళ్లు నేల మీద నిలవలేదు. పిన్ని లేచి వెళ్లి, అరచేత్తో ఆ పేరు చెరిపేసింది.

"జాలి పడి ఇచ్చింది మాకొద్దు. ఒకటైతే రాయండి. నేకపోతే ఒగ్గీయండి."

ఒకటి ఎవరూ రాయలేదు. బల్ల మీద షేఫాలి పేరు లేకుండానే ఆట మొదలైంది. అయితే అప్పటికే గుమ్మంలో మా అమ్మ నిలబడి ఉంది, చేతిలో మా ఇంటి పీట. ఆమె వెనక ఇంకా నలుగురైదుగురు, తెలుగువాళ్లూ బిహారీలూ బెంగాలీలూ. తపన్ దా వాళ్లను చూశాడు, పిన్నిని చూశాడు, తన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఏళ్లు గడిచి నేను ఒక బెంగాలీ పత్రికలో ఆటల పేజీకి చేరాను. క్రీడల్లో చిరకాలం నిలిచే పది ఘట్టాల మీద వ్యాసం రాయమన్నారు. మొదట షేఫాలి రెండో పెనాల్టీ రాశాను. అది తీసెయ్యి, ఎవరికి తెలుసు ఆ అమ్మాయి, పాఠకులు నవ్విపోతారు అన్నారు పై అధికారి. తీయనన్నాను. వ్యాసమే వేయలేదు. ఆ సాయంత్రం ముఖం వేలాడేసుకుని పిన్ని దగ్గరికి వెళ్లాను. అప్పటికే ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టింది. మాట మాటకీ ఆయాసం.

"ఎయ్యడం మానడం ఆళ్ల పని. నువ్వు మార్సినావా?"

"లేదు పిన్నీ."

"మరేటి ఏడుపు?" అని నా చెయ్యి పట్టుకుని ఊపింది. కాసేపు ఊపిరి కూడదీసుకుని, "ఆళ్లు సెప్పింది రాస్తే నీ కళ్లెందుకు?" అంది.

ఆ చలికాలంలోనే పిన్ని పోయింది. షేఫాలికి పెళ్లయి ఎటో వెళ్లిందన్నారు. నేను వెతికాను, దొరకలేదు. తన పేరు ఒక గదిలో నెలరోజులు పుట్టి చెరిగిందని ఆమెకు తెలుసో లేదో.

మొన్నామధ్య ఒక కాలేజీ వాళ్లు పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి, నిష్పక్షపాతంగా చెప్పండి, మీ దృష్టిలో మేటి ఆటగాడెవరని అడిగారు. నిష్పక్షపాతం నాకు చేతకాదన్నాను. నేను కళ్లారా చూసిన వాళ్లలో షేఫాలి అన్నాను, రెండు పెనాల్టీలూ పోగొట్టిందని కూడా చెప్పాను. హాలంతా నవ్వింది. ముందు వరసలో ఒక అబ్బాయి అయితే పక్కవాడి భుజం మీద పడి మరీ నవ్వాడు. ఆ నవ్వు సద్దుమణిగే దాకా మైకు వదలకుండా నిలబడ్డాను. తర్వాత అదే మాట, అదే గొంతుతో, మళ్లీ చెప్పాను.