పదిహేడో పళ్ళెం

మా వీధి చివర టీకొట్టులో మా మామయ్య గురించి ఒక కథ చెప్పుకుంటారు. పొగమామకు ఇరవై నాలుగు దాకా లెక్కపెట్టడం రాదట. అందువల్లే ఓడ ఎక్కాల్సిన దాణా కంటైనరు ఒకటి తొమ్మిది రోజులు రేవులో పడి ఉందట. పోయిందని ఆయన గోల చేసిన పళ్ళెం కంటైనరులో దొరకనే లేదట. చివరికి వాళ్ళింట్లోనే పాలగిన్నె మీద మూతగా కనిపించిందట. ఈ మాట దగ్గర అందరూ నవ్వుతారు. బాగా చెప్పేవాడైతే అత్తయ్య గొంతు కూడా పెడతాడు: "ఇదేంటయ్యా, పాలు పొంగకముందే పొగలొస్తున్నాయి!"

నేను రోజూ ఆ కొట్టు ముందునుంచే పనికి వెళ్తాను. తల వంచుకుని వెళ్తాను.

మామయ్య అమ్మకు తమ్ముడు. ఇరవై రెండేళ్ళుగా పశువుల దాణా గోదాములో పొగ పెట్టే పని చేస్తున్నాడు. పొగ అంటారు గానీ కంటికేమీ కనపడదు. బస్తాలను చెక్క ప్యాలెట్ల మీద పేర్చి, ఆ దొంతర మొత్తానికి పెద్ద పట్టా కప్పి, లోపల రేకు పళ్ళాల్లో మందు బిళ్ళలు పెడతారు. గాలిలో తేమ తగిలితే బిళ్ళలు విషవాయువు వదులుతాయి. అయిదు రోజులకు బిళ్ళ బూడిదవుతుంది, పురుగూ దాని గుడ్డూ చస్తాయి. తనిఖీ మేడమ్ వచ్చి చూసి సంతకం పెడితేనే సరుకు దేశం దాటుతుంది. ఒక్క పురుగు కాలు కదిపినా మళ్ళీ మొదటికే.

మామయ్య ఒక జాలీ డబ్బీలో బతికున్న పురుగుల్ని వేసి దొంతర మధ్యలో పెట్టేవాడు. పట్టా తీసిన రోజు మొదట దాని దగ్గరికే వెళ్ళేవాడు. "పదండి, చుట్టాల్ని పలకరించొద్దాం" అనేవాడు. అంత సరదా మనిషి, ఇంటికొస్తే మాత్రం చొక్కా బయటే విప్పి, మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంటే గానీ గడప దాటడు. చంటిపిల్లల్ని ఎత్తుకోడు. "తోలైనా మిగిల్చావా, దాన్నీ కడిగేశావా?" అని అత్తయ్య రోజూ అడుగుతుంది.

నా చదువు తొమ్మిదితో ఆగిపోయింది. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. మామయ్యే గోదాములో పని ఇప్పించాడు. పట్టా అంచులు లేవకుండా బరువు వేసే ఇసుక పాములు కుట్టేదాన్ని. అవి ఇసుక నింపిన పొడవాటి గుడ్డ గొట్టాలు. తర్వాత పళ్ళాల చీటీ కూడా నాకే అప్పజెప్పాడు. ఇరవై నాలుగు పళ్ళాలు, ఒక్కోదానికి ఒక నంబరు. పట్టా తీశాక ఆయన మాస్కు వేసుకుని పళ్ళాలు ఏరి గోడ దగ్గర పెడతాడు. నేను నంబర్లు చూసి టిక్కులు పెడతాను. అన్నీ అయ్యాయని నేను చెయ్యి ఎత్తితేనే ఫోర్క్‌లిఫ్టు కదలాలి.

"నువ్వు వాగుడుకాయవి కాదు, అందుకే ఈ పని నీకు" అన్నాడు మామయ్య. "ఇంకో ఏడాది చెయ్యి, పరీక్షకు పంపిస్తాను. నీకూ నాలాగ కార్డొస్తుంది." మందు ముట్టుకోవాలంటే ఆ కార్డు ఉండాలి.

ఆ ఏడాది చివర్లో ఒకరోజు ఆయన పళ్ళాలు ఏరుతుండగా తనిఖీ మేడమ్ పిలిచింది. ఏరినవాటిని గోడ దగ్గర ఒకదాని మీద ఒకటి పెట్టేసి, చీటీ చూడమని నాకు సైగ చేసి వెళ్ళాడు. అంచుల మీద నంబర్లు చూస్తూ టిక్కులు పెట్టుకొచ్చాను. పదిహేడు కనపడలేదు.

"ఏమ్మా, విందయ్యాక అంట్లు లెక్కపెడుతున్నావా?" అన్నాడు ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు. "త్వరగా కానీ. ఓడ నీకోసం కాచుకుని కూర్చోదు."

హమాలీలు గొల్లున నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. బూడిద పడి నంబరు కప్పుకుపోయిందేమో, పళ్ళెం ఎక్కడికి పోతుంది, ఈ పళ్ళాల దొంతరలోనే ఉంటుంది అనుకున్నాను. టిక్కు పెట్టాను. చెయ్యి ఎత్తాను.

మధ్యాహ్నం, సబ్బునీళ్ళ డ్రమ్ములో నానిన పళ్ళాలను ఆరబెడుతుంటే ఇరవై మూడే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. డ్రమ్ము వంచి చూశాను. గోడవారంతా వెతికాను. అప్పటికే కంటైనరు నింపి సీలు వేశారు. పొద్దున పదింటికి లారీ వస్తుంది. మామయ్య అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోయాడు.

పరుగున మామయ్య ఇంటికి వెళ్ళాను. మూసిన కంటైనరులో బిళ్ళలు ఇంకా బతికే ఉంటే ఏమవుతుందో ఆయన నాకు మొదటిరోజే చెప్పాడు.

ఆయన కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. వెనకాల నిలబడి చెప్పాను. సబ్బు రుద్దడం ఆపలేదు.

"ఎన్నిసార్లు లెక్కపెట్టావు?"

"ఏడుసార్లు."

"నువ్వు ఏడుసార్లు లెక్కపెట్టావంటే ఇరవై మూడే." కుళాయి కట్టేశాడు. "భోంచెయ్యి. ఖాళీ కడుపుతో భయపడితే ఇంకా ఎక్కువ భయమేస్తుంది."

అన్నం కెలికి లేచాను. ఆయన కూడా అంతే.

మర్నాడు పొద్దున్నే మామయ్య మేనేజరు గదిలోకి వెళ్ళాడు. నేను తలుపు బయట నిలబడ్డాను.

"ఒక్క రేకు పళ్ళెం కోసం ఓడ ఆపమంటావా?"

"ఓడ వద్దు సార్. మన కంటైనరు ఆపండి."

"నీకు మతి పోయిందా, లెక్క పోయిందా?"

"లెక్కే పోయింది సార్, నాదే తప్పు. మతి ఉంది కాబట్టే చెప్తున్నాను. అవతల రేవులో తలుపు తీసేవాడికి మన లెక్కలేం తెలుసు? తిన్నగా తల లోపలికి పెడతాడు."

మేనేజరు తిట్టని తిట్టు లేదు. తిడుతూనే తనిఖీ మేడమ్‌కు ఫోన్ చేశాడు.

సీలు తీసి, తలుపులు బార్లా తెరిచి, గాలి ఆడనిచ్చారు. మామయ్య సుద్దతో దూరంగా గీత గీసి హమాలీలను దాని అవతల నిలబెట్టాడు. డ్రైవరు మాస్కుతో ఒక్కో ప్యాలెట్టునూ బయట పెట్టి గీత దగ్గరికి వచ్చేస్తాడు. మామయ్య మాకు వీపు పెట్టి కూర్చుని చెక్కల సందుల్లో టార్చి వేస్తాడు. ఒకటి, రెండు, అయిదు. ఏమీ లేదు. తొమ్మిది దాటాక హమాలీలు చతికిలపడి జోకులు మొదలుపెట్టారు. నాకు కొత్త భయం పట్టుకుంది. నా లెక్కే తప్పయితే? డ్రమ్ము దగ్గర ఒకటి ఎక్కడో జారిపోయి ఉంటే?

పదకొండో దాని దగ్గర ఆయన చాలాసేపు కూర్చున్నాడు. వెంట తెచ్చుకున్న మూత డబ్బా దగ్గరికి లాక్కున్నాడు, మూత వేశాడు. లేచి, నావైపు తిరిగి చెయ్యి ఎత్తాడు.

"చూశారా, ఏమీ లేదంటున్నాడు" అన్నాడు డ్రైవరు.

అన్నీ అయ్యాయని నేను ఎత్తే చెయ్యి అది.

డబ్బాలో ఏముందో మేడమ్ చూసింది, తన పుస్తకంలో రాసుకుంది. మేనేజరు మాత్రం మామయ్యను పిలిచి, ఈ సంగతి గోదాములో ఎవరి చెవినా పడకూడదన్నాడు. కొనేవాళ్ళకు తెలిస్తే ఇకముందు మన సరుకు ముట్టరట. తర్వాత చీటీ ముందు పెట్టుకుని, "ఈ టిక్కులు ఎవరు పెట్టారు?" అన్నాడు.

నేను గడప మీదికి వచ్చాను. "సార్" అన్నాను.

"అమ్మాయ్, డ్రమ్ము మీద మూత పెట్టావా లేదా?" అన్నాడు మామయ్య, నావైపు చూడకుండా. "వెళ్ళి చూసుకో, వెళ్ళు."

వెళ్ళాను. మూత పెట్టే ఉంది. తిరిగి వచ్చేసరికి, ఆ టిక్కులు తనవేనని రాసిన కాగితం మీద ఆయన సంతకం అయిపోయింది. ఆయన కార్డు ఆరు నెలలు ఆపేశారు.

ఇప్పుడు ఆయన నా పక్కన కూర్చుని ఇసుక పాములు కుడుతున్నాడు. కుట్లన్నీ వంకర. నేను విప్పి మళ్ళీ కుట్టిస్తున్నాను. టీకొట్టు కథ ఆయనా విన్నాడు, పాలగిన్నె దగ్గర పగలబడి నవ్వాడు.

"అసలు సంగతి చెప్పేస్తాను మామయ్యా" అన్నాను ఒకరోజు.

"ఆ కాగితంలో నీ పేరుంటే నిన్ను పరీక్షకు కూర్చోనిస్తారా? కార్డు రానీ, అప్పుడు ఊరంతా దండోరా వేసుకో. ముందు ఈ సూదిలో దారం ఎక్కించు, నా కళ్ళు కనపట్లేదు."

నా కార్డు నిన్న వచ్చింది.

పళ్ళెం కంటైనరులోనే, పదకొండో ప్యాలెట్టు చెక్కల సందులో దొరికింది. చిరిగిన బస్తాలోంచి రాలిన దాణా దాన్ని కప్పేసింది. ఆ దాణా కింద తేమ తగలక నాలుగు బిళ్ళలు ఇంకా బూడిద కాలేదు. నంబరు పదిహేడు. చీటీలో పదిహేడు పక్కన టిక్కు పెట్టింది నేను.