నొప్పి తెలియని పాదం

మా వారి ఒంట్లో ఏదో తేడా ఉందన్న కబురు మొట్టమొదట నాకు తెచ్చింది మా చాకలి నాంచారమ్మ. అప్పటికి డాక్టర్లెవరూ చూడలేదు, చుట్టాలెవరూ అనుమానపడలేదు.

జగ్గయ్యపేటలో మాది బెల్లం వ్యాపారం. ముందు భాగం కొట్టు, వెనక భాగం ఇల్లు. ఒకరోజు పొద్దున్నే నాంచారమ్మ మాసిన బట్టలు మూట కట్టుకుంటూ గొంతు తగ్గించి అంది:

"అమ్మగారూ, ఏవనుకోమాకండి. అయ్యగారి పంచెలకి చీమలు పడుతున్నాయండి."

"బెల్లం కొట్లో కూచునే మనిషి పంచెకి చీమలు పట్టక ఏనుగులు పడతాయా?" అన్నాను.

"బెల్లమైతే చేతులు తుడుచుకున్న చోట పట్టాలి గదండీ. ఇయ్యి అక్కడ పట్టటంలా."

ఎక్కడ పడుతున్నాయో చెప్పబోయింది. మగవాళ్ళ బట్టల సంగతి అలా విడమరిచి మాట్లాడుతుంటే నాకు సిగ్గేసింది. "చాల్లే, నీ పని చూసుకో" అని కసిరాను. తరవాత ఈ మాట మా వారికి చెబితే ఆయనా నవ్వారు. "చీమలతో పేచీ పెట్టుకుంటే బెల్లం వ్యాపారం సాగుతుందటే?" అన్నారు.

ఆ ఏడాదంతా ఆయనకి దాహం ఎక్కువగా ఉండేది. చెంబెడు నీళ్ళు తాగి, పావుగంటకి మళ్ళీ చెంబు పట్టుకునేవారు. అన్నం బాగా తింటున్నా చొక్కాలు వదులయ్యాయి. కొన్నాళ్ళు అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని, సూదులతో పొడుస్తున్నట్టుందని అన్నారు. కొబ్బరినూనె కాచి రాశాను. ఆ తరవాత తిమ్మిరి మాట ఎత్తడం మానేశారు. నూనె పని చేసిందనుకుని సంతోషించాను.

ఆంధ్ర, తెలంగాణ కలిశాక రెండో ఏడు అది. అంతకు ముందు శీతాకాలంలో మా చిన్నమ్మాయి సుశీలకి టైఫాయిడ్ వచ్చి ఇరవై ఒక్క రోజులు కన్ను తెరవలేదు. పిల్ల దక్కితే దంపతులిద్దరం చెప్పుల్లేకుండా భద్రాచలం నడిచి వస్తామని నేను రాముడికి మొక్కుకున్నాను. ఇద్దరి తరఫునా నేనే మొక్కాను. మా వారిని అడగలేదు. పిల్ల లేచి తిరిగాక చెబితే, "మొక్కావుగా, పోదాం పద" అన్నారు.

బయలుదేరే ముందు వేదాద్రి వెళ్ళి నరసింహస్వామిని చూసుకున్నాం. అక్కడి అర్చకుల్లో ఒక పెద్దాయన మొక్కు సంగతి విని, "అమ్మా, మొక్కింది నువ్వు. నీ కాళ్ళు వట్టివైతే చాలు. ఆయన చెప్పులు వేసుకు నడిస్తే స్వామికి కోపం రాదు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. సగం మొక్కు తీర్చినట్టు ఉంటుందనిపించింది. నేను బళ్ళో చదువుకోలేదు. మా నాన్నగారు ఇంట్లో రామాయణం చదివిస్తూ అక్షరాలు నేర్పారు. ఆ చదువుతో నాకు భక్తి అబ్బింది గాని, మంచి మాట వినే బుద్ధి అబ్బలేదు.

శ్రీరామనవమికి పది రోజుల ముందు మా పేట నుంచి వెళ్ళే ఒక జట్టుతో కలిసి నడక మొదలుపెట్టాం. వత్సవాయి, బోనకల్లు, ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా దారి. పొద్దున్నే నడిచి, ఎండ ముదిరాక సత్రంలోనో చావడిలోనో ఆగి, మళ్ళీ చల్లబడ్డాక కదిలేవాళ్ళం. రెండో రోజుకే నా అరికాళ్ళు బొబ్బలెక్కాయి. జట్టులో అందరూ కుంటుతున్నారు. మా వారు మాత్రం తారురోడ్డు మీద ఎండలో కూడా కచేరీకి వెళ్ళే పెద్దమనిషిలా నిదానంగా నడుస్తున్నారు.

"కాలటంలేదుటండీ?" అని అడిగాను.

"అబ్బే, ఏం లేదు. చాప మీద నడిచినట్టుంది."

రాముడే ఆయన పాదాల కింద చల్లగా ఉన్నాడనుకున్నాను. అనుకుని ఊరుకున్నా బాగుండేది. జట్టులో అందరికీ చెప్పాను. ఆగిన ప్రతి ఊళ్ళోనూ చెప్పాను. దంపతులుగా నడిచే వాళ్ళకి ఎదురొచ్చి కాళ్ళ మీద నీళ్ళు పోసి, పసుపు ఇవ్వడం ఆ దారి పొడుగునా అలవాటు. నా కాళ్ళకి రాయగా మిగిలిన పసుపు నేను మా వారి పాదాలకి మెత్తేదాన్ని. పసుపు పూసిన ఆ పాదాలకి జనం వంగి దణ్ణాలు పెడుతుంటే, ఆయన పక్కన నిలబడి గర్వపడ్డాను.

ఖమ్మం దాటాక ఒక ఊళ్ళో మజ్జిగ పోస్తున్న ముసలమ్మ ఒకావిడ నా మాటలు విని, దణ్ణం పెట్టకుండా ఆయన కాళ్ళ కేసి చూసింది.

"అస్సలు నొయ్యదా బిడ్డా?"

"నొప్పే లేదమ్మా. అంతా రాముడి దయ."

"నొయ్యకపోతె ముల్లు ఇరిగినా ఎట్ల తెలుస్తది?" అంది.

అసూయ పడుతోందనుకున్నాను. ఆవిడ పోసిన మజ్జిగ తాగి లేచి వచ్చేశాం.

గోదావరి పడవ మీద దాటి, కల్యాణం చూశాం. మొక్కు తీరింది. తిరుగు ప్రయాణం రైలులో. ఇంటికి వచ్చిన మూడో నాడు కొట్టు వెనక గదిలో ఏదో కుళ్ళిన వాసన. బెల్లం బుట్టల మధ్య ఎలుక చచ్చిందేమోనని బుట్టలన్నీ కదిలించాం. ఎలుక దొరకలేదు. మంచం మీద పడుకున్న నాన్న కాళ్ళ దగ్గరికి సుశీల వెళ్ళి, "అమ్మా, వాసన ఇక్కడే" అంది.

పసుపు కడిగి చూస్తే కుడి అరికాల్లో గుంట పడి ఉంది. దాని లోపల తుమ్మముల్లు. ఎన్ని రోజుల నుంచి ఉందో! బొటనవేలు, పక్క వేలు నల్లగా ఉన్నాయి. నేను కేకపెట్టాను. ఆయన మాత్రం, "ఏవిటే, ఏముందక్కడ?" అన్నారు, కాలు ఎవరిదో అయినట్టు.

ఆ రోజే ఎడ్లబండి మీద పరుపు వేసి నందిగామ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన మూత్రం పట్టించి, గాజు గొట్టంలో నీలం మందుతో కలిపి స్పిరిట్ దీపం మీద కాచారు. నీలం పచ్చగా మారింది, పసుపైంది, చివరికి ఇటికరాయి రంగులో ఆగింది.

"డయాబెటిస్ అమ్మా. బాగా ముదిరింది. పంచెలకి చీమలు పట్టలేదూ?"

"పట్టాయండీ" అన్నాను.

"నడిచినప్పుడు నొప్పి లేదన్నారా?"

"రాముడి దయ అనుకున్నామండీ."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా కొంత తేలికపడేదాన్ని. "నొప్పి లేకపోవడమే జబ్బు తల్లీ. షుగరు వల్ల కాలి నరాలు చచ్చిపోయాయి. ఇది గాంగ్రీన్. నా చేతుల్లో లేదు. వెంటనే బెజవాడ తీసుకెళ్ళండి" అన్నారు.

బెజవాడ ఆసుపత్రిలో రెండు పూటలా ఇన్సులిన్, పెన్సిలిన్ ఇంజెక్షన్లు. ముందు రెండు వేళ్ళు తీశారు. నాలుగు రోజులు జ్వరం తగ్గి, ఇడ్లీ తిన్నారు. గండం గడిచిందని నేను వార్డులో అందరికీ పటికబెల్లం పంచాను. ఐదో రోజు డ్రెస్సింగ్ విప్పిన సర్జన్‌గారు నన్ను వరండాలోకి పిలిచారు.

"నలుపు పైకి పాకుతోందమ్మా. మోకాలి కింద యాంప్యుటేషన్ చెయ్యాలి. కాలు ఉంచుదామంటే మనిషి దక్కడు."

కాగితం మీద సంతకం పెట్టమన్నారు. మా నాన్నగారు నేర్పిన అక్షరాలు ఇందుకు పనికొస్తాయని ఎన్నడూ అనుకోలేదు. పేరు వంకరగా వచ్చింది.

మర్నాడు పొద్దున్న థియేటర్‌కి తీసుకెళ్ళే ముందు ఆయన మంచం పక్కన కూచుని ఏడ్చాను. "మొక్కు నాది. మీ తరఫునా నేనే మొక్కాను. చెప్పులు వేసుకోమని అర్చకులు చెప్పినా విన్లేదు" అన్నాను.

"ఊరుకో. ఒక మాట చెబుతా, బాధపడనంటే" అన్నారు. "బోనకల్లు సత్రంలోనే చూశానే. పొద్దున లేచేసరికి చాప మీద నెత్తురు మరక. నొప్పి లేదుగా, ఏ రాయో గీసుకుని ఉంటుందని బావి దగ్గర కడిగేశాను."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"అప్పటికే నువ్వు జట్టంతా చాటావు గదా, రాముడు నడిపిస్తున్నాడని. ఎంత సంబరంగా ఉన్నావో నీకు తెలీదు. సుశీలకి జొరం తగిలిన నాటి నుంచి నీ మొహం అలా ఉండగా చూళ్ళేదు. నెత్తురు సంగతి చెబితే నీ మాట పోతుందని..."

ఇంతలో స్ట్రెచర్ వచ్చింది.

ఆ మాటలు విన్న రోజు నుంచి ఈ రోజు వరకు నన్ను తొలిచేది తెగిపోయిన కాలు కాదు. బోనకల్లు బావి దగ్గర ఆయన ఒక్కరే కూచుని చాప కడుక్కోవడం. బోనకల్లు మా ఊరికి ఎంతో దూరం కాదు. అక్కడే వెనక్కి తిరిగి ఉంటే ముల్లు తీయించుకుని పదిహేను రోజుల్లో మామూలుగా తిరిగేవారని డాక్టర్లే అన్నారు. నా మాట నిలబెట్టడం కోసం ఆయన మిగిలిన దారంతా నడిచారు. రాముణ్ణి నేను తప్పు పట్టను. ఆయన నాంచారమ్మ చేత చెప్పించాడు, అర్చకుల చేత చెప్పించాడు, మజ్జిగ ఇచ్చిన ముసలమ్మ చేతా చెప్పించాడు. అంతకన్న ఏం చెయ్యగలడు?

ప్రాణం దక్కింది. అందుకు స్వామికి, సర్జన్‌గారికి, పేర్లు తెలియని నర్సులకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఇంటికొచ్చాక నేనే సిరంజి నీళ్ళలో మరిగించి ఇంజెక్షన్ ఇవ్వడం నేర్చుకున్నాను. ఇన్సులిన్ సీసా తడి ఇసకలో పాతిన కుండలో దాచేదాన్ని. మూత్రం పరీక్షా ఇంట్లోనే. మా వారు చంకకర్రలతో కొట్లోకి వచ్చి కూచోవడం మొదలుపెట్టారు. "బెల్లం అమ్ముకునేవాడికి బెల్లం తినే యోగం లేదు, చూశారా?" అని బేరానికి వచ్చిన వాళ్ళని నవ్వించేవారు. వాళ్ళు నవ్వేవారు. నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

మిగిలిన ఎడమకాలికి మెత్తని చెప్పు కుట్టించమని నందిగామ డాక్టరుగారు చెప్పారు. బస్సులు ఆగే చోట చెప్పులు కుట్టే ముత్తయ్యకి కబురుపెట్టాను. వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. అతను ఆయన్ని ముట్టుకోవడం నాకు ఇష్టం లేక, మా వారి పాత చెప్పు ఒకటి అరుగు మీద నుంచి కింద పడేసి, "దీని కొలతకి కుట్టు" అన్నాను.

ముత్తయ్య చెప్పు తిప్పి చూశాడు. "ఇది చెప్పమ్మా. నాకు కాలు కావాల. ఒక్క కాలే మిగిలిందంటిరి, కొలత తప్పితే ఎట్టా?"

మా వారే కర్రలు పట్టుకుని అరుగు చివరికి వచ్చి కూచుని కాలు కిందికి చాపారు. "చూడవయ్యా ముత్తయ్యా. మా ఇంట్లో అంతా పై నుంచే చూస్తారు" అన్నారు.

అతను పాదాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. కొలత తీయలేదు. ముందు బొటనవేలితో అరికాలంతా నొక్కుకుంటూ పోయాడు, తోలు ముక్కని పరీక్ష చేసినట్టు. మడమ దగ్గర ఆగాడు.

"ఇక్కడ మెత్తగా ఉందయ్యా. పైకి బాగానే ఉంది గాని, లోపల నీరు పట్టింది. చెప్పు తరవాత కుడతాను. డాక్టరు దగ్గరికి బయల్దేరండి."

"నిన్న నేనే కడిగానే, ఏమీ లేదు" అన్నాను.

"పైన కడిగుంటారమ్మా."

నిజం. తెగిన కాలి గాయం మీదే నా ధ్యాసంతా. ఆ పూటే నందిగామ వెళ్ళాం. డాక్టరుగారు మడమ కోస్తే చీము వచ్చింది. "ఇంకో వారం ఆగి ఉంటే ఈ కాలూ దక్కేది కాదు. ఎవరు కనిపెట్టారు?" అని అడిగారు. చెప్పాను. ఆయన చేతిలో కత్తెర పక్కన పెట్టి, "అతన్ని నెలకోసారి చూడమనండి" అన్నారు.

ముత్తయ్య నెలకోసారి కాదు, వారానికోసారి వచ్చేవాడు. అరుగు మీద కూచోమని నేను పిలవడానికి ఏడాది పైనే పట్టింది. పిలిచాక కూడా, "ఇక్కడైతేనే కాలు సరిగ్గా అందుద్దమ్మా" అని కిందే కూచునేవాడు. అతను అన్నది పని సంగతో, నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేకో నాకు తెలియదు. అడగలేదు.

ఇప్పుడు మా వారికి యాభై ఆరేళ్ళు. ఎడమకాలు నిలిచి ఉంది. కర్రలతో పెరట్లో తిరుగుతారు. చూపు కొంచెం మందగించింది. సుశీల పెళ్ళి దగ్గరుండి చేశారు.

షుగరు ఉన్న వాళ్ళు ఇంట్లో ఉంటే ఒక్క పని మరిచిపోవద్దు. రోజూ స్నానం అయ్యాక వాళ్ళ అరికాళ్ళు, వేళ్ళ సందులు మీ చేత్తో తడిమి చూడండి. నొప్పి ఉందా అని వాళ్ళని అడగొద్దు, వాళ్ళకి తెలియదు. అడుగున తెల్లగుడ్డ పరిచి దాని మీద కాలు పెట్టించండి. చుక్క నెత్తురు అంటినా కనిపిస్తుంది. మరక కనిపిస్తే కడిగెయ్యకండి. డాక్టరుకి చూపించండి. మొక్కులుంటే చెప్పులు తొడుక్కునే తీర్చుకోండి.

ముత్తయ్య పోయిన వర్షాకాలంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. నాకు కబురు తెలిసేసరికి అంతా అయిపోయింది. రెండు వారాలు రాకపోతే ఏదో పని పడి ఉంటుందనుకున్నాను గాని, అతని ఇల్లు ఎక్కడో కనుక్కుని వెళ్ళి చూడాలని నాకు తోచలేదు. మా వారి పాదం వారం వారం చూసినవాడి ఒళ్ళు ఎలా ఉందో నేను ఒక్కసారీ అడగలేదు. ఇది చదివిన వాళ్ళు మీ దేవుడి ముందు నిలబడినప్పుడు ముత్తయ్య అన్న పేరు ఒక్కసారి పైకి అనండి. నా ఒక్కదాని దణ్ణం అతనికి చాలదు.